పారేసిన ఐదు సెకన్లు

"చెప్పు. ఆగు. అప్పుడు తాకు."

ఇరవై రెండేళ్ళ కిందట ఆయా పనిలో చేరిన మొదటిరోజు సువార్తమ్మగారు నాకు నేర్పిన పాఠం ఇంతే. మిగతా చదువంతా దీని తరవాతే. పేషెంటుకి స్పృహ ఉన్నా లేకపోయినా ముందు నోటితో చెప్పాలి, అమ్మా, ఎడమ పక్కకి తిప్పుతున్నాను అని. ఒక ఊపిరి పీల్చి వదిలేంతసేపు ఆగాలి. అప్పుడు చెయ్యి వెయ్యాలి. ఎడమ అంటే పేషెంటుకి ఎడమ, మనకి ఎడమ కాదు. ఇందులో ఏ ఒక్కటి మరిచిపోయినా మణికట్టు మీద మడతపెట్టిన తడి తువ్వాలు ఛెళ్ళున పడేది. నాకు ఎన్ని పడ్డాయో అడక్కండి.

పరీక్ష రోజున ఆవిడే మంచమెక్కి పేషెంటులా కళ్ళు మూసుకుని పడుకునేది. నేను కంగారులో చెప్పకుండా భుజం పట్టుకుని లాగాను. నలభై ఐదు కిలోల మనిషి ఒక్కసారిగా బండైపోయింది. నా నడుం పట్టేసింది గానీ ఆవిడ కదల్లేదు.

"ఏటే పైడమ్మా, బియ్యం బస్తా అనుకున్నావేటి నన్ను?" అని కళ్ళు తెరిచింది. "చెప్పి తిప్పితే పేషెంటు ఒళ్ళు నీతో వస్తాది. చెప్పకపోతే నీకు అడ్డం తిరుగుతాది. ఫెయిలు. పో, వచ్చే నెల రా."

వచ్చే నెల పాసయ్యాను. అప్పుడైనా బాగా చేశావని అనలేదు. ఆవిడ నోట ఆ మాట విన్న ఆయా విశాఖపట్నం మొత్తం మీద ఒక్కతీ లేదు.

అటువంటి సువార్తమ్మగారు ఈనాడు అదే ఆసుపత్రిలో, నాలుగో అంతస్తులో, ఆరో నంబరు మంచం మీద పడి ఉంది. రిటైరైన ఏడాదికే మెదడులో రక్తనాళం చిట్లింది. ఎనిమిది నెలలుగా కళ్ళు తెరుస్తుంది, మూస్తుంది, అంతే. పిలిస్తే చూడదు. గిల్లినా కదలదు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఆవిడ చేతి దెబ్బలు తిన్న మేమే ఆవిడ మనుషులం.

మొదటి ఏడున్నర నెలలూ కింద జనరల్ వార్డులో ఉంచారు. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే ఎముక ఒత్తిన చోట రక్తం ఆగిపోయి పడకపుండు పడుతుంది. అది లోపలికి తొలుచుకుంటూ పోతే ప్రాణానికే ముప్పు. అందుకని ఇద్దరిద్దరం చెరోవైపు నిలబడి, నడుం కింద వేసిన అడ్డదుప్పటి పట్టుకుని తిప్పేవాళ్ళం. ఏడున్నర నెలల్లో ఆవిడ ఒంటి మీద చిన్న మచ్చ కూడా పడనివ్వలేదు.

తరవాత నాలుగో అంతస్తుకి మార్చారు. అది వార్డు కాదు, ప్రయోగశాల. ఆరు మంచాలున్నాయి. వాటిని తయారుచేసినవాడు కౌండిన్య అనే ఇంజనీరు. ముప్పై ఏళ్ళుంటాయి. ఎప్పుడు చూసినా ఇస్త్రీ లేని చొక్కాతో, చేతిలో చల్లారిపోయిన కాఫీతో కనిపిస్తాడు. మూడేళ్ళుగా ఈ మంచాలే అతని లోకం. పరుపు లోపల తొంభై ఆరు గాలి అరలున్నాయి. ఏ అర మీద ఎంత బరువు పడుతోందో గ్రాముల్లో చెబుతాయి. రెండు గంటలు కాగానే ఒకవైపు అరలు ఉబ్బుతాయి, ఇంకోవైపువి తగ్గుతాయి. మనిషి మెల్లగా పక్కకి ఒరుగుతుంది. చప్పుడే ఉండదు. పక్కనే ఉన్న తెర మీద మనిషి ఆకారం కనిపిస్తుంది. బరువు సమంగా ఉంటే పచ్చగా, ఎక్కడైనా ఎక్కువైతే ఎర్రగా.

"పైడమ్మగారూ, ఇక మీ నడుముకి సెలవు" అన్నాడు కౌండిన్య మొదటిరోజే.

నిజం చెప్పొద్దూ, నెత్తిన పాలు పోసినట్టయింది. నేను నోరు కడగడం, ఒళ్ళు తుడవడం, డైపరు మార్చడం మాత్రం చేసుకునేదాన్ని. తిప్పే పని లేదు కాబట్టి చెప్పే పనీ మానేశాను. మంచానికి లేని మర్యాద మనకెందుకులే అనుకున్నాను. పైగా ఆవిడకి ఏమీ వినపడదని పెద్దడాక్టర్లే అన్నారు కదా, ఇరవై రెండేళ్ళ కోపం ఉంది కదా, ఒళ్ళు తుడుస్తూ నా మనసులో ఉన్నదంతా కక్కేసేదాన్ని. "మీ చేతిలో పడ్డవాళ్ళకి నరకం ఇక్కడే కనిపించిందమ్మా. ఒక్క మంచి మాటంటే మీ సొమ్మేం పోయింది?" అని.

తొమ్మిదోరోజు పొద్దున్న ఒళ్ళు తుడుస్తుంటే నడుం కింద, వెన్నెముక చివర, ఎర్రమచ్చ కనబడింది. వేలితో నొక్కి చూశాను. మామూలు ఎరుపైతే నొక్కితే తెల్లబడి మళ్ళీ వస్తుంది. ఇది తెల్లబడలేదు. తలెత్తి తెర చూస్తే అంతా పచ్చగా ఉంది.

కౌండిన్య పరిగెత్తుకొచ్చాడు. మచ్చని నాలుగువైపుల నుంచి ఫోటోలు తీశాడు, అరల లెక్కలన్నీ తిరగేశాడు. "బరువు సమంగానే ఉంది. ఇది రాకూడదే! చాలా ఇంటరెస్టింగ్‌గా ఉంది" అన్నాడు.

"ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నట్టుంది బాబూ మీ యవ్వారం. ఆవిడ తోలు ఊడిపోతంటే మీకు ఇంటరెస్టింగేటి?"

పాపం, తల దించుకున్నాడు. అసలు దెబ్బ అప్పుడు చెప్పాడు. శుక్రవారం డాక్టర్ల కమిటీ వస్తోంది. సువార్తమ్మగారి కాగితం మీద 'స్పందన లేదు' అని రాస్తే, ఊరి బయట ఉన్న సంరక్షణ కేంద్రానికి పంపేస్తారు. అక్కడ ఇరవై మందికి ఒక్క మనిషి. ఈ మచ్చతో అక్కడికి వెళితే నెల కూడా బతకదు. నాకు తెలుసు. ఇక్కడే రెండో నంబరు మంచం మీద ఉండే సూరపరాజు మాస్టారిని రెండు వారాల కిందట అలాగే పంపించేశారు.

అది మంగళవారం.

బుధవారం పొద్దున్న గాలి గొట్టాలు శుభ్రం చెయ్యడానికి మంచాలన్నీ గంటసేపు ఆపారు. తిప్పే వేళయింది. తోడు పట్టేవాళ్ళు ఎవరూ లేరు. సరే, పాత పద్ధతే అనుకుని కిటికీ లేని పక్క నిలబడ్డాను. చెయ్యి వెయ్యబోతుంటే మణికట్టు చురుక్కుమంది, ఒట్టు. "సువార్తమ్మగారూ, ఎడమ పక్కకి తిప్పుతున్నానమ్మా" అన్నాను. ఆగాను. భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి వేసి నావైపు లాక్కున్నాను.

ఎంత తేలిగ్గా వచ్చేసిందో!

కింద వార్డులో ఎప్పుడూ ఇద్దరం తిప్పేవాళ్ళం కాబట్టి ఎవరి వంతు బరువెంతో తెలిసేది కాదు. ఇప్పుడు ఒంటిచేత్తో తెలిసింది. ఆయాలకి బరువు పేషెంటు, తేలిక పేషెంటు అని ఉంటాయి. అది కిలోల లెక్క కాదు. ఒళ్ళు మనతో వచ్చేవాళ్ళు తేలిక పేషెంట్లు. ఎవరికి చెప్పినా నవ్వుతారు గానీ, తెలివిలో లేని మనిషి తేలిగ్గా ఉండదు. ఉండలేదు.

"ఆవిడ వింటోంది బాబూ" అన్నాను కౌండిన్యతో.

అతను నవ్వలేదు, అది అతని మంచితనం. "అరల్లో తెలియాలి కదండీ. పురుగు పాకినా పట్టేస్తాయి. ఇన్నాళ్ళలో ఏమీ పట్టలేదు" అన్నాడు. ఇంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "కాకపోతే... పక్క తిప్పే ముందు ఐదు సెకన్ల లెక్క మేం పారేస్తాం."

"పారేయడమేటి?"

"ఆయాలు మంచం మీద ఆనుకుంటారు, మాట్లాడతారు, దుప్పటి లాగుతారు. అదంతా గోల. లెక్కలు పాడవుతాయని తిప్పే ముందు ఐదు సెకన్లు కంప్యూటరు కోసి పారేసేలా రాశాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మేం చెప్పి ఆగేది ఆ ఐదు సెకన్లే బాబూ! మా పని ఉన్నదే అక్కడ. దాన్ని పట్టుకుని గోల అన్నావా?"

అతను కాఫీ పక్కన పెట్టేసి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పది నిమిషాల్లో ఆ కోత తీసేశాడు. నేను చెప్పాను, ఆగాను, తిప్పాను. మళ్ళీ చెప్పాను, ఆగాను, తిప్పాను. ఆగిన ప్రతిసారీ, నేను ఇంకా చెయ్యి వెయ్యకముందే, తెర మీద చెప్పిన పక్కన సన్నగా ఎరుపు మెరిసింది. నలభై గ్రాములు, ముప్పై ఐదు గ్రాములు. గుప్పెడు వేరుశనగ గింజలంత బరువు. చెప్పకుండా మంచం తిప్పినప్పుడు మాత్రం ఒళ్ళంతా బిగుసుకుంటోంది; ఇన్నాళ్ళూ అది మంచం కదలికే అనుకున్నాడట. పరుపు ఒకవైపు, ఒళ్ళు ఒకవైపు లాక్కుంటే తోలు ఒరుసుకుపోక ఏమవుతుంది? ఆ మచ్చ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇద్దరికీ తెలిసింది.

మా పెద్దడాక్టరు హైమవతిగారు వచ్చి చూశారు. ఆవిడా సువార్తమ్మగారూ ముప్పై ఏళ్ళు కలిసి పనిచేశారు. తెరవైపు చూసి తల అడ్డంగా ఊపారు. "నాకూ నమ్మాలనే ఉంది పైడమ్మా. కానీ నువ్వు ఏ పక్కకి లాగబోతావో నీ చేతికి ముందే తెలుసు కదా. నీకు తెలియకుండానే నువ్వు అటు ఒరుగుతావు, పరుపు కదులుతుంది, యంత్రం దాన్ని పట్టుకుంటుంది. శుక్రవారం కమిటీలో ఎవరైనా ఈ మాటే అంటారు" అన్నారు.

నేను సువార్తమ్మగారి దుప్పటి సర్దాను.

శుక్రవారం పదిగంటలకి కమిటీ వచ్చింది. హైమవతిగారు, బయటి ఆసుపత్రుల నుంచి ఇద్దరు డాక్టర్లు. అందులో ఒకాయన మంచం కాళ్ళవైపు నిలబడి గడియారం చూసుకున్నాడు. "తిప్పమ్మా చూద్దాం. ఎడమ పక్కకి, కిటికీవైపు."

ఈ ఒక్కసారికి ఎలాగైనా తేలిగ్గా రా తల్లీ అని లోపల మొక్కుకుంటూ కిటికీ పక్కకి వెళ్ళి నిలబడ్డాను. "సువార్తమ్మగారూ, ఎడమ పక్కకి తిప్పుతున్నానమ్మా" అన్నాను. ఆగాను. కిటికీవైపు లాగాను.

రాలేదు.

బండ! ఇరవై రెండేళ్ళ కిందట పరీక్షలో ఎలా బిగుసుకుందో అలాగే. ఇంకా గట్టిగా లాగాను. నడుం కలుక్కుమంది గానీ ఆవిడ ఒళ్ళు అవతలివైపే మొగ్గింది.

"చూశారుగా, ఏమీ లేదు" అని ఆ డాక్టరు కలం మూత తీశాడు.

అప్పుడు తట్టింది నేను చేసిన తప్పు. కాళ్ళవైపు నిలబడ్డ ఆయనకి కిటికీ ఎడమవైపు. పడుకున్న మనిషికి అది కుడి. మొదటిరోజు చెప్పిన పాఠం! ఎడమ అంటే పేషెంటుకి ఎడమ. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి తప్పకుండా, ఈ రోజు, ఈ పూట తప్పాను. సిగ్గుతో, దుఃఖంతో కళ్ళు మసకబారాయి. ఆవిడ ప్రాణం నా నోట్లోంచే జారిపోయిందనుకున్నాను.

"సార్! రాయకండి! ఒక్క నిమిషం రాయకండి!"

కౌండిన్య గొంతు అది. కుర్చీ వెనక్కి పడిపోయింది కూడా చూసుకోలేదు. తెర మీద వేలు పెట్టి చూపిస్తున్నాడు.

"పైడమ్మగారి చేతులు కుడికి లాగాయి. పేషెంటు ఎడమకి సిద్ధమైంది. చూడండి, చెయ్యి పడక ముందే, మూడు సెకన్ల ముందే, ఎడమ భుజం మీదకి బరువు జరిగింది! చేతిని బట్టి అయితే కుడికి జరగాలి. కానీ ఆవిడ మాట పట్టుకుంది సార్. తప్పు మాటే అయినా దాన్నే పట్టుకుంది!"

హైమవతిగారు నెమ్మదిగా మంచం దగ్గరికి వచ్చారు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, మంచానికి రెండడుగుల దూరంలో నిలబడ్డారు.

"సువార్తమ్మా, నేను హైమని. వినబడుతుంటే ఎడమ పక్కకి తిరగడానికి సిద్ధమవు."

ఒక ఊపిరి పీల్చి వదిలేంతసేపు. ఎడమ భుజం కింద ఎరుపు మెరిసింది.

"ఇప్పుడు కుడికి."

కుడివైపు మెరిసింది.

కలం మూత తీసిన డాక్టరు దాన్ని మళ్ళీ పెట్టేసుకున్నాడు. నమ్మనివాడే మంచివాడు, గట్టిగా పరీక్షిస్తాడు. చీటీల మీద ఎడమ, కుడి అని రాసి, కలిపి, ఒక్కోటీ తీసి తనే చదివాడు. ఇరవై సార్లు. పద్దెనిమిది సరిపోయాయి. మిగతా రెండూ ఎందుకు తప్పాయని బుర్ర గోక్కున్నాడు. అప్పటికి ఆవిడకి విసుగొచ్చిందని నేను చెప్పాను. ఆ విసుగు నాకు తెలుసు.

తరవాత హైమవతిగారు అవునంటే ఎడమ, కాదంటే కుడి అని చెప్పి అడిగారు. "నొప్పిగా ఉందా?"

ఎడమ.

"ఎనిమిది నెలలుగా అన్నీ వింటున్నావా?"

ఎడమ.

డాక్టరమ్మ మొహం తిప్పేసుకున్నారు. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. ఆవిడ ఏడవడం నేను మొదటిసారి చూశాను. నేనైతే అప్పటికే బోరుమన్నాను. ఏడుస్తూనే వంగి సువార్తమ్మగారి చెవి దగ్గర నోరు పెట్టాను. "అమ్మా, మరి నేను తిట్టినవి... అవీ విన్నారేటి?"

ఎడమవైపు అరలన్నీ భగ్గున ఎర్రబడ్డాయి. నలభై గ్రాములు కాదు, నూటపది! గదిలో అందరూ ఏడుపులోనే నవ్వేశారు.

ఆ సాయంత్రం కౌండిన్య మెట్ల మీద కూర్చుని కనిపించాడు. నవ్వు లేదు. "సూరపరాజు మాస్టారి లెక్కలు వెతికానండీ. ఆ ఐదు సెకన్లు ఎక్కడా లేవు. కంప్యూటరు ఎప్పటికప్పుడు చెరిపేసింది. ఆయన అవునన్నారో కాదన్నారో... నేనే పారేశాను" అన్నాడు.

"నువ్వు లెక్క పారేశావు. నేను మాటే పారేశాను" అన్నాను. "ఆ తొమ్మిది రోజులూ ఆవిడకి ఒక్కసారి కూడా చెప్పలేదు కదా. కూర్చుని ఏడిస్తే ఏటొస్తాది? లే బాబూ. వెళ్ళి తీసుకొద్దాం."

మర్నాడే అంబులెన్సు వెళ్ళి మాస్టారిని తీసుకొచ్చింది. మొత్తం ఆరు మంచాల మీద ముగ్గురు జవాబిచ్చారు. ముగ్గురు ఇవ్వలేదు. మాస్టారు ఇవ్వలేదు. ఇంతకు ముందు ఇచ్చేవారేమో, ఎప్పటికీ తెలియదు. ఆయన్ని ఇప్పటికీ చెప్పే తిప్పుతున్నాం. ఆగే తాకుతున్నాం.

కౌండిన్య మంచానికి మాట నేర్పాడు. "ఎడమ పక్కకి తిప్పుతున్నాను" అని తియ్యగా చెప్పి తిప్పడం మొదలుపెట్టింది. సువార్తమ్మగారు బిగుసుకుపోయింది. మచ్చ తగ్గలేదు. గొంతు మార్చాడు, నా గొంతు పెట్టాడు, అయినా అంతే. నెత్తీనోరూ కొట్టుకుంటుంటే చూడలేక నేనే ఆవిణ్ణి అడిగాను. "మంచం చెప్తోంది కదమ్మా. మరి ఆగడం లేదనా?"

ఎడమ.

అదీ సంగతి! చెప్పడం ఒక్కటీ చాలదు, జవాబుకి చోటివ్వాలి. ఇప్పుడు మంచం చెబుతుంది, ఆగుతుంది, ఒంటి మీద ఆ గుప్పెడు బరువు జరిగాకే కదులుతుంది. జవాబివ్వని వాళ్ళకి కూడా ఐదు సెకన్లు నిండుగా ఆగుతుంది. మూడు వారాలకి మచ్చ మాయమైంది. తెర మీద పచ్చరంగు అప్పుడు నిజంగా పచ్చరంగయింది.

ఈ జూన్‌లో కొత్త నర్సింగ్ అసిస్టెంట్ల బ్యాచి వచ్చింది, పద్నాలుగు మంది. వాళ్ళ పరీక్ష ఎక్కడనుకున్నారు? ఆరో నంబరు మంచం దగ్గరే. సువార్తమ్మగారిని ముందుగా అడిగాం, పరీక్ష పెడతారా అని. ఎడమవైపు ఎంత ఎరుపొచ్చిందో చెప్పక్కర్లేదు. మంచం ఆపేసి, తెర మాత్రం ఉంచాం. చెప్పకుండా తాకినవాళ్ళకీ, చెప్పి ఆగనివాళ్ళకీ ఆవిడ బండే. మొదటి ఆరుగురూ వరసగా ఫెయిలు. ఏడో అమ్మాయి ఏడుపు మొహం పెట్టింది. "మేడమ్, కదలట్లేదండీ. నిజంగా ఎవరికైనా కదుల్తారా?"

"తప్పుకో" అన్నాను.

చేతులు కడుక్కుని వచ్చి మంచం పక్కన నిలబడ్డాను. అందరూ చూస్తున్నారు. ఈసారి ఎడమ ఏదో సరిగ్గా చూసుకున్నాను.

"సువార్తమ్మగారూ, ఎడమ పక్కకి తిప్పుతున్నానమ్మా."

ఆగాను.

ఎడమ భుజం కింద ఎరుపు మెరిసింది. మెరిసి ఊరుకోలేదు, పాకింది. కుడి మడమ దుప్పటిని తన్నింది. కుడి భుజం వణుకుతూ పరుపు మీంచి లేచింది. వేలెడు ఎత్తు, బెత్తెడు ఎత్తు. నా చేతులు గాలిలోనే ఉన్నాయి. పదహారు నెలలు ఎవరో ఒకరు తిప్పితే తప్ప తిరగని మనిషి, మెల్లగా, మెల్లగా, తనంతట తానే నావైపు తిరిగింది. తిరిగి, సరిగ్గా నా కళ్ళలోకి చూసింది.

నేను తాకనే లేదు.

పద్నాలుగు మందీ చప్పట్లు కొట్టేశారు. కౌండిన్య కాఫీ నేల మీద పోసేశాడు. నాకు కళ్ళల్లోంచి ధారలు కారిపోతున్నాయి, అయినా గొంతు గట్టిగానే వచ్చింది.

"చప్పట్లు తరవాత కొడుదురు గానీ, ముందు వీపు వెనకాల దిండు పెట్టండే! ఆగండాగండి, పెడుతున్నామని ఆవిడకి చెప్పారేటి?"